అమరనాథ యాత్ర: కాన్వాయ్‌ను వీడరాదు

శ్రావణ పూర్ణిమతో ముగిసే అమరనాథ యాత్రకు తెలుగు రాష్ట్రాల నుండి ఏటా అనేకులు బయలుదేరుతారు. సముద్రమట్టానికి 3,888 మీటర్ల ఎత్తున ఉన్న గుహకు పహల్గాం మీదుగా ఒకటి, బాల్తాల్ మీదుగా ఒకటి, రెండు దారులు. ఎత్తును గురించి, చలిని గురించి శ్రద్ధగా విచారించేవారు సైతం కశ్మీరు పరిస్థితుల విషయంలో ‘స్వామియే చూసుకుంటాడు’ అని ఊరుకుంటారు. ఇది సరికాదు.

జమ్మూలోని భగవతీనగర్ శిబిరం నుండి యాత్రికుల వాహనాలు తెల్లవారకమునుపే భద్రతాదళాల నడుమ వరుసగా కదులుతాయి. ఆ వరుసయే కాన్వాయ్. రాత్రివేళ యాత్రికుల వాహనాలు రహదారిపై ఉండరాదు. 2017 జూలై 10న దర్శనం ముగించుకొని మరలివస్తున్న ఒక బస్సుపై అనంతనాగ్ వద్ద రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది యాత్రికులు మరణించారు. బస్సు కాన్వాయ్‌లో లేదని, వేళ మించి ప్రయాణిస్తున్నదని అధికారులు తెలిపారు. ముస్లిం అయిన డ్రైవరు గుళ్ల వర్షంలోనూ బండి ఆపక ముందుకు నడిపినందున తక్కినవారు బ్రతికారు. నేరం ముమ్మాటికీ కాల్చినవారిదే. అయినను, ఒక్క పూట ఆగడం కష్టమనిపించినప్పుడు ఈ బస్సును తలచుకోవాలి.

యాత్రను మధ్యలో నిలిపివేయడమూ జరుగుతుంది. 2019 ఆగస్టు 2న యాత్రికులు వెంటనే లోయను వీడి వెళ్లవలెనని ప్రభుత్వం కోరింది. అట్టి సమయంలో శిబిరంలో వాదనకు దిగితే సిబ్బందికి, తోటివారికి ఇబ్బందియే. తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు అదనంగా ఉంచుకొనడం మేలు.

గుఱ్ఱాలు నడిపేవారు, డోలీలు మోసేవారు అధికశాతం స్థానిక ముస్లింలే. ఈ యాత్ర చాలావరకు వారి భుజాలమీదనే సాగుతున్నది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం సమీపంలో 26 మంది హతులైనప్పుడు, వారిలో విశాఖపట్టణానికి, కావలికి చెందినవారితోపాటు పర్యాటకులను కాపాడబోయిన ఒక స్థానిక గుఱ్ఱపువాడూ ఉన్నాడు. కనుక వారిని అనుమానపు చూపులతో ప్రశ్నించడం, రాజకీయాలు రెచ్చగొట్టడం తగదు. నిర్ణయించిన రుసుమును బేరమాడక చెల్లించాలి. తనిఖీ కేంద్రాలను, జవానులను ఫోటో తీయరాదు.

అమరనాథ్‌జీ దేవస్థానం బోర్డు వద్ద నమోదు, వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. ఇచ్చిన ఆర్‌ఎఫ్‌ఐడి కార్డును మెడలోనుండి తీయరాదు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. బృందంలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉంటే, సంకేతం అందిన ప్రతి మజిలీ నుండి ఇంటివారికి క్షేమ సమాచారం తెలుపవచ్చును.