కాగ్నా ఒడ్డున సంస్కృతం

వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల నీళ్ళు రెండు దిక్కులకు పోతాయి. తూర్పుకు పోయేది మూసీ. హైదరాబాదు పుణ్యమా అని దాని పేరు తెలియనివారు లేరు. పడమటికి పోయేది కాగ్నా. తాండూరు పక్కనుంచి పారి, కర్ణాటకలో అడుగుపెట్టి, సేడం తాలూకా మీదుగా వెళ్ళి భీమాలో కలుస్తుంది. ఆ దారిలో దాని ఒడ్డున మల్ఖేడ్ అనే ఊరుంది. పాడుబడిన కోట, నేమినాథుడి బసది (జైన గుడి), మాధ్వ యతుల బృందావనాలు (సమాధులు) ఉన్న చిన్న ఊరు. వెయ్యేళ్ళ కిందట అదే మాన్యఖేటం, దక్కనును ఏలిన రాష్ట్రకూటుల రాజధాని.

సంస్కృతం అనగానే మనకు కాశీ, ఉజ్జయిని, కంచి గుర్తుకొస్తాయి. వికారాబాద్ జిల్లా పిల్లలకు తమ వాగు వెంట నడిస్తే చేరే ఊరి కొలువు నీడలోనే ఆ భాషలో మహాగ్రంథాలు పుట్టాయని ఎవరు చెప్పారు? మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది కాబట్టి మల్ఖేడ్ పరాయిదనుకుంటాం. ఆ సరిహద్దు వయసెంత? 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోవే. రాష్ట్రాల పునర్విభజనలో జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది, ఈ రెండూ ఇటు వచ్చాయి. తాండూరు బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ ఇప్పటికీ ఒకే బేరంలో కలిసి వినిపిస్తాయి. ఏరు మాత్రం ఎప్పటిలాగే పారుతోంది.

రాజు కొలువులో లెక్కల పుస్తకం

క్రీ.శ. 814 నుంచి 878 వరకు, అరవై ఏళ్ళకు పైగా, రాష్ట్రకూట అమోఘవర్షుడు రాజ్యం చేశాడు. నృపతుంగుడని బిరుదు. 851 నాటి అరబ్బు వర్తకుల వృత్తాంతం లోకంలోని నలుగురు గొప్ప రాజుల్లో రాష్ట్రకూట రాజును ఒకడిగా లెక్కించింది. ఆయన ఏలుబడిలోనే, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు 'గణితసారసంగ్రహం' రాశాడు. అంతకుముందు మన గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాల్లో ఒకటి రెండు అధ్యాయాలుగా ఉండేది. గ్రహాల లెక్క కోసమే అంకెలు. మహావీరుడు గణితాన్ని ఆ నీడలోంచి బయటికి తెచ్చి, దానికే తొమ్మిది అధ్యాయాల పూర్తి గ్రంథం కట్టాడు, అదీ శ్లోకాల్లో. వంట, వైద్యం, సంగీతం, నాటకం, ఇల్లు కట్టడం, దేనికైనా లెక్క కావాలని మొదట్లోనే గణితాన్ని పొగిడాడు.

ఆయన లెక్కల్లో ఒకటి మన ఇంటిదే. వగరు, చేదు, పులుపు, కారం, ఉప్పు, తీపి, ఈ ఆరు రుచులను ఎన్ని రకాలుగా కలపవచ్చో చెప్పమంటాడు. విడివిడిగా ఆరు, రెండేసి కలిపితే పదిహేను, మూడేసి అయితే ఇరవై, నాలుగేసి మళ్ళీ పదిహేను, ఐదేసి ఆరు, అన్నీ కలిపితే ఒకటి. మొత్తం 63. ఇందుకు ఆయన ఇచ్చిన సూత్రం నేటి ఇంటర్ పుస్తకంలోని సంయోగాల సూత్రమే. ఉగాది పచ్చడి తినే ఇళ్ళలో పిల్లలకు ఈ లెక్క చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇంకో లెక్కలో ముగ్గురు వర్తకులకు దారిలో డబ్బు సంచి దొరుకుతుంది. ఇది నాకు దక్కితే మీ ఇద్దరి సొమ్ముకు రెండింతలు నా దగ్గరుంటుందని మొదటివాడంటాడు. నాకు దక్కితే మూడింతలని రెండోవాడు, ఐదింతలని మూడోవాడు. ఎవరి దగ్గర ఎంత, సంచిలో ఎంత? వాళ్ళ దగ్గర 1, 3, 5 ఉండి సంచిలో 15 ఉంటే సరిపోతుంది. కందుల మార్కెట్టు, నాపరాయి వ్యాపారం నడిచే తాండూరులో ఈ లెక్కకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

అంకెల అందమన్నా ఆయనకు ప్రాణం. 139ని 109తో గుణిస్తే 15151. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఇలాంటి సంఖ్యలను ఆయన మెడలో హారాలుగా చూశాడు. తప్పులూ ఉన్నాయి. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు, అది నిలవలేదు. రుణసంఖ్యకు వర్గమూలం ఉండదన్నది మాత్రం ఆ నాటికి ఎంతో స్పష్టమైన మాట. ఈ గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాకే బయటి ప్రపంచానికి బాగా తెలిసింది.

సమస్యాపూరణంలో దాగిన మేఘదూతం

అదే కాలంలో అమోఘవర్షుడికి గురుతుల్యుడైన జినసేనుడు 'పార్శ్వాభ్యుదయం' రాశాడు. అవధానాలు చూసే తెలుగువారికి ఈ విద్య చెప్పనక్కర్లేదు. కాళిదాసు 'మేఘదూతం'లోని ప్రతి పాదాన్నీ సమస్యగా తీసుకుని, మిగతా పాదాలు తాను పూరించి, యక్షుడి విరహాన్ని జైన తీర్థంకరుడైన పార్శ్వనాథుడి కథగా మలిచాడు. శృంగార కావ్యపు పాదాలు ఒక్కటీ వదలకుండా వైరాగ్య కథలో ఒదిగాయి. తొమ్మిదో శతాబ్దంలో మేఘదూతం ఏ రూపంలో ఉండేదో తెలుసుకోవడానికి పండితులు ఇప్పుడు ఆధారపడేది ఈ కావ్యం మీదే.

మాన్యఖేటం చెప్పే సంగతి ఇది: సంస్కృతం ఒక మతానిదో ఒక కులానిదో కాదు. మహావీరుడు, జినసేనుడు జైనులు. ఆ భాష పక్క భాషల నోరు నొక్కనూ లేదు. అదే కొలువులో కన్నడంలో మొదటి లక్షణగ్రంథం 'కవిరాజమార్గం' వచ్చింది. సంస్కృతంలోని దండి మార్గాన్ని పట్టుకుంటూనే కన్నడ నుడికారానికి పీట వేసింది. వందేళ్ళ తర్వాత అదే నగరంలో పుష్పదంతుడు అపభ్రంశంలో 'మహాపురాణం' రాశాడు.

రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యుల నేల మీదా ఇదే తీరు. సోమదేవసూరి 959లో గంగాధరలో 'యశస్తిలకం' ముగించాడు. పద్యగద్యాల ఈ చంపువులో జైనధర్మం ఎంతుందో, రాజనీతి, ఆహారం, వైద్యం, ఆనాటి ఆచారాలు అంతున్నాయి. అక్కడికి దగ్గర్లోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కందపద్యాల తొలి ఆనవాళ్ళు ఆ బండ మీదే. సంస్కృతం పక్కన కూర్చునే తెలుగు పద్యం కందం నడక నేర్చింది.

972లో పరమార రాజు సీయకుడు మాన్యఖేటాన్ని దోచాడు. నగరం మళ్ళీ కోలుకోలేదు. సంస్కృతం మాత్రం ఆ ఒడ్డును వదల్లేదు. పద్నాలుగో శతాబ్దంలో మధ్వాచార్యుల గ్రంథాలకు టీకలు రాసి 'టీకాచార్యులు'గా పేరుపొందిన జయతీర్థుల కథ కూడా ఒక ఏటి ఒడ్డునే మొదలవుతుంది. గుర్రం మీద వచ్చిన ఒక యువకుడు దిగకుండానే ఏట్లో నోరు పెట్టి నీళ్ళు తాగాడని, అది చూసి మాధ్వ యతి అక్షోభ్యతీర్థులు పూర్వజన్మలో పశువువా అని అడిగారని, ఆ ప్రశ్నే అతన్ని సన్యాసం వైపు తిప్పి జయతీర్థుణ్ణి చేసిందని సంప్రదాయం. ఆ ఏరు కాగ్నా అని చెప్పే కథనమూ ఉంది. జయతీర్థుల 'న్యాయసుధ' తర్కంలో ఎంతో గట్టిది. దాన్ని చదవడం భూమిని ఏలడంతో సమానమని పండితుల నానుడి. ఆయన బృందావనం మల్ఖేడ్‌లోనే ఉందని ఒక సంప్రదాయం, ఆనెగొంది నవబృందావనంలో ఉందని మరొకటి. ఆ వివాదం జోలికి నేను పోను.

ఇవాళ వికారాబాద్‌లో సంస్కృతం వినాలంటే అనంతగిరి అనంతపద్మనాభస్వామి గుడికే వెళ్ళాలి. అది మంచిదే, భక్తిలోనే ఆ భాష బతికి ఉంది. కానీ గుడి గంటతో పాటు బడి గంటలోనూ అది వినిపించిన కాలం ఒకటుంది. మహావీరుడి తర్వాత దాదాపు రెండు శతాబ్దాలకు పావులూరి మల్లన ఆ గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలో జినుడున్నచోట శివుణ్ణి నిలిపాడు, కొన్ని వదిలేశాడు, కొత్త ఉదాహరణలు చేర్చాడు. తెలుగులో మనకు దక్కిన తొలి గణిత గ్రంథం అదే. తాండూరులో ఒక లెక్కల మాస్టారు మల్లన పద్యాన్ని, మహావీరుడి శ్లోకాన్ని నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, డబ్బు సంచి లెక్క చేయించి, సెలవురోజున పిల్లల్ని రైలెక్కించి మల్ఖేడ్ కోట చూపించాలి. అందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు.