డాక్టరు చదువు: కాలేజీల పేర్లు వ్రాసే ముందు లెక్క చూచుకొందాము



పోయిన జూలైలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక రైతు కుటుంబము మా ఇంటి వరండాలో వచ్చి కూర్చున్నది. తండ్రి చేతిలో నోటుపుస్తకములో నుండి చించిన కాగితము. దాని నిండా మెడికల్ కాలేజీల పేర్లు. కూతురు నీట్ పరీక్షలో అర్హత పొందింది. "అయ్యగారూ, అమ్మాయి స్నేహితురాలి దగ్గర చూసి రాసుకొచ్చాం. ప్రార్థన చేసి ఏది ముందు పెట్టాలో మీరే చెప్పండి" అన్నారాయన.

ప్రార్థన చేశాము. ఆమెన్ అన్న తరువాత పెన్ను, కాగితము కూడ తీసుకున్నాము. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు నేర్పిన సంగతి మనకు తెలిసినదే గదా! ఆ సాయంత్రము మేము కలిసి వేసిన లెక్క మరి కొన్ని కుటుంబాలకు ఉపయోగపడునని ఇక్కడ వ్రాస్తున్నాము.

దరఖాస్తు ఒకటి కాదు

నీట్ పరీక్ష 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఎం.బి.బి.ఎస్. సీటుకు ఈ ఒక్క పరీక్షే ఆధారము. కాని సీట్ల పంపకము ఒకచోట జరగదు. ప్రభుత్వ కాలేజీలలో 15 శాతము సీట్లు అఖిల భారత కోటా. వాటికి ఢిల్లీ కమిటీ వారికి దరఖాస్తు పెట్టాలి. మిగిలిన 85 శాతమునకు ఆంధ్రలో విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు, తెలంగాణలో వరంగల్లు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు వేరే దరఖాస్తు. ఒకటి పెట్టి రెండవది మరచిన కుటుంబాలను మేము ఎరుగుదుము. తేదీ దాటితే ఎవరూ వినరు.

ఏది ముందు? ఏది తరువాత?

ఆ అమ్మాయి కాగితము మీద మొదటి పేరు తమ ఊరికి దగ్గరలోని ప్రైవేటు కాలేజీ. విశాఖపట్నము, కాకినాడ, గుంటూరు ప్రభుత్వ కాలేజీలు ఎక్కడో అడుగున ఉన్నాయి.

"రెండూ వస్తే ఎందులో చేరతావమ్మా?" అని అడిగాము.

"గవర్నమెంటు కాలేజీలోనే అండి."

"మరి దాన్ని క్రింద పెట్టావేం?"

"నా ర్యాంకుకు రాదేమోనని భయమండి."

చాలామంది పిల్లలు చేసే పొరపాటు ఇదే. కంప్యూటరు మీ పట్టీని పైనుండి క్రిందికి చదువుతుంది. మీ ర్యాంకుకు, మీ కోటాకు అందే మొదటి పేరు దగ్గర ఆగి, ఆ సీటు ఇస్తుంది. ఆ క్రింద ఏమున్నదో ఆ విడతలో ఇక చూడదు. పెద్ద కాలేజీని పైన వ్రాసి అది రాకపోయినా, క్రిందివాటి అవకాశము ఏమీ తగ్గదు. భయపడి చిన్నదాన్ని పైన పెడితే మాత్రము, వచ్చేదాన్ని మన చేతులతో మనమే పోగొట్టుకుంటాము. కాబట్టి నిజముగా ఏది కావాలో ఆ వరుసనే వ్రాయాలి. ఎంత పెద్ద పేరైనా, చేరలేని కాలేజీ పేరు అసలే వ్రాయకూడదు. అఖిల భారత కౌన్సెలింగులో మొదటి విడతలో వచ్చిన సీటును నష్టము లేకుండా వదలుకోవచ్చును. తరువాతి విడతలలో వదిలితే కట్టిన డిపాజిట్టు పోతుంది.

ఫీజు ఒక్క ఏడాదిది కాదు

చదువు నాలుగున్నర సంవత్సరాలు, ఆ పైన ఒక సంవత్సరము హౌస్ సర్జన్. ప్రైవేటు కాలేజీలో కన్వీనరు సీటు ఒక ధర, మేనేజిమెంటు సీటు మరొక ధర, ఎన్నారై సీటు ఇంకొక ధర. ప్రభుత్వ కాలేజీ అన్న పేరు చూచి కూడ ఆగవద్దు. 2023లో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలో క్రొత్త ప్రభుత్వ కాలేజీలు తెరచినప్పుడు, వాటిలో కొన్ని సీట్లకు లక్షలలో ఫీజు పెట్టారు. కాలేజీ పేరుతో పాటు అది ఏ కోటా సీటో కూడ చదవండి.

ఇక్కడ తండ్రి గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. ఒక ఏజెంటు మేనేజిమెంటు సీటు ఇప్పిస్తానని బయానా అడుగుతున్నాడట. "కాలువ గట్టున ఎకరంన్నర అమ్మితే మొదటి ఏడు గట్టెక్కుతుందండి" అన్నారు. మిగతా సంవత్సరాలకో? ఆయన మాట్లాడలేదు. ఇంటర్ చదువుతున్న తమ్ముడి వైపు తల్లి చూచింది. అప్పుడు ఆ అమ్మాయే, "వద్దు నాన్నా! ఈ ఏడు రాకపోతే మళ్ళీ రాస్తాను" అన్నది. నీట్ ఇన్నిసార్లే వ్రాయాలన్న హద్దు లేదు. అమ్మిన పొలము మాత్రము తిరిగి రాదు.

సముద్రాలు దాటే ముందు

మా సంఘములోని మరొక కుటుంబము కొన్నేళ్ళ క్రిందట అబ్బాయిని విదేశానికి పంపింది. పట్టా తెచ్చుకున్నాడు, ఇక్కడ వైద్యము చేయుటకు వ్రాయవలసిన పరీక్ష మాత్రము ఇంకా దాటలేదు. దానికి 300 మార్కులలో 150 రావాలి. వెళ్ళేటప్పుడు ఆ పరీక్ష సంగతి ఏజెంటు ఒక్క మాట చెప్పలేదని తల్లి నేటికీ కన్నీరు పెట్టుకుంటుంది. నీట్ అర్హత లేనిదే విదేశాలకు వెళ్ళుట కూడ కుదరదు. 2021 నవంబరు నిబంధనల ప్రకారము అక్కడ కనీసము 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. ఆ దేశములో వైద్యము చేయుటకు లైసెన్సుకు అర్హత రావాలి. ఈ నాలుగు విషయాలు కాగితము మీద చూపించమని అడగండి. తడబడే ఏజెంటుకు నమస్కారము పెట్టి పంపివేయండి.

పాస్టరు గారి ఉత్తరము

"మీరు ఒక ఉత్తరం ఇస్తే వెల్లూరులో సీటు వస్తుందట గదండీ?" అని మమ్మును ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. రాదు. 1918లో ఐడా స్కడ్డర్ దొరసానిగారు స్త్రీల కోసము ఆరంభించిన ఆ వైద్య విద్యాలయములోను నేడు నీట్ మార్కులు కావలసినదే. సంఘాల స్పాన్సర్‌షిప్ ఉన్నమాట నిజము. కాని దాని క్రింద చేరినవారు చదువు తరువాత రెండు సంవత్సరాలు, పంపిన సంఘమువారు చెప్పిన ఆసుపత్రిలో సేవ చేయుటకు ఒప్పుకొని సంతకము పెట్టాలి. మారుమూల మిషను ఆసుపత్రికి వెళ్ళుటకు మనసున్న బిడ్డ అడిగితే మేము సంతోషముగా అధ్యక్షుల దగ్గరకు వెంట వెళ్తాము. సీటు కొరకే అడిగితే ఆ మాటకు మేము సాక్ష్యము చెప్పలేము.

కులధ్రువీకరణ పత్రము సంగతి కూడ దాచకుండా చెప్పుకోవాలి. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైన వారికి, వారి సంతానమునకు రెండు తెలుగు రాష్ట్రాలలో బి.సి.-సి క్రింద 1 శాతము రిజర్వేషను ఉన్నది. అది చాలా కొంచెమని మనకు బాధే. అయినా అబద్ధపు కాగితము మీద వచ్చిన సీటు ఏ రోజునైనా పోవచ్చును. స్థానికత కూడ పిల్లలు చదివిన చోటును బట్టి చూస్తారు. ఇంటర్‌కు పొరుగు రాష్ట్రము పంపే ముందే ఈ సంగతి విచారించండి.

ఆ సాయంత్రము దీపాలు పెట్టేవేళకు పట్టీ తిరిగి వ్రాయబడింది. ప్రభుత్వ కాలేజీలన్నీ పైన, దూరమని కొట్టివేసిన ఊళ్ళతో సహా. ఆ తరువాత కన్వీనరు సీట్లు. మేనేజిమెంటు సీటు ఒక్కటీ లేదు. మొదటి విడతలో ఏమీ రాలేదు. ఆ ఇంట్లో ఆ పదిహేను రోజులు అన్నము సహించలేదు. రెండవ విడతలో ప్రభుత్వ కాలేజీ సీటు వచ్చింది. ముందు దూరమని కొట్టివేసిన ఊరే అది! తండ్రి ట్రంకుపెట్టె మోసుకొని రాత్రంతా బస్సులో వెళ్ళి దించి వచ్చారు. కాలువ గట్టు పొలములో ఈ ఏడు కూడ నాట్లు పడ్డాయి.

అందరికీ ఇలాగే జరుగుతుందని మేము చెప్పలేము. రాని బిడ్డలను చిన్నచూపు చూడవద్దని మాత్రము తల్లిదండ్రులను బ్రతిమాలుతున్నాము. నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ కూడ రోగి మంచము ప్రక్కకు చేర్చే దారులే. పేర్లు వ్రాసే రాత్రి బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఇంటి లెక్క దాచకుండా చెప్పి, దాని మాట కూడ విని వ్రాయండి. ప్రభువు మీ బిడ్డల చేతులను స్వస్థత కొరకు వాడుకొనును గాక!