బలవంతుణ్ణి వదిలివేసి గెలిచే ఉపాయం: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆప్షన్ వ్యూహం

అమెరికా విశ్వవిద్యాలయాలకు చదువుల నిమిత్తం వెళ్లిన పిల్లలకు అక్కడ మొదట వింతగా తోచే విషయాలలో ఫుట్‌బాల్ ఒకటి. అది కాలితో తన్నే బంతాట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన ఇరికించుకొని పరుగెత్తే ఆట. పైకి చూస్తే ఒకరి మీద ఒకరు పడి తోసుకోవడం తప్ప అందులో మరేమీ లేదనిపిస్తుంది. కాని ఆ తోపులాటలోనే బలహీనుడు బలవంతుణ్ణి ఎదిరించడానికి కనిపెట్టిన చక్కని ఉపాయం ఒకటి దాగి ఉంది. దానినే ఆప్షన్ వ్యూహం అంటారు. ఆప్షన్ అనగా ఎంపిక.

ముందుగా ఆట తీరు తెలుసుకోవాలి. ఒక్కొక్క జట్టులో 11 మంది ఆడతారు. మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు లభిస్తాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు సాగితే మరో నాలుగు అవకాశాలు దక్కుతాయి. సాగలేకపోతే బంతి ఎదుటి జట్టు పరమవుతుంది. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. ప్రతి అవకాశంలోను వరుస మధ్యనున్న ఆటగాడు బంతిని కాళ్ల సందు నుంచి వెనుకవానికి అందిస్తాడు. అందుకొనేవాడు క్వార్టర్‌బ్యాక్. దాడికి అతడే నాయకుడు.

ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది. మామూలు పరుగులో క్వార్టర్‌బ్యాక్ బంతిని మరొకని చేతికిచ్చి తప్పుకుంటాడు. అందుకున్నవాడు పరుగెత్తుతాడు. ఎదుటివారిని నెట్టి దారి చేయడానికి మిగిలేది తొమ్మిది మందే. ఎదుట నిలిచినవారు 11 మంది. అంటే కనీసం ఇద్దరు ఎవరి అడ్డూ లేకుండా మిగిలిపోతారు. ఎలాగూ ఇద్దరిని ఆపలేనప్పుడు, ఆ ఇద్దరు ఎవరన్నది తామే నిర్ణయించుకుంటే మేలు కదా! ఆప్షన్ వ్యూహానికి మూలం ఈ ఆలోచనే. నెట్టినా కదలని బలిష్ఠుణ్ణి కావాలనే వదిలివేస్తారు. అతడు ఎటు కదిలితే బంతిని అతనికి అందని వైపుకు పంపుతారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు చెయ్యి చాచి ఆశ చూపి, మూలనున్నవాణ్ణి ముందుకు రప్పించి, చటుక్కున మరొకవైపు తిరగడం వంటిదే ఇదీ.

ఈ వ్యూహంలో పేరుపొందినది ట్రిపుల్ ఆప్షన్. అందులో ఎంపికలు మూడు. బంతి అందగానే ఫుల్‌బ్యాక్ అనే దృఢకాయుడు తిన్నగా ముందుకు దూకుతాడు. క్వార్టర్‌బ్యాక్ బంతిని అతని పొట్టకు ఆనించి, విడువకుండా, అడ్డులేకుండా వదిలివేసిన మొదటి ప్రత్యర్థిని చూస్తాడు. ఆ ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ మీదికి వస్తే బంతిని వెనక్కి లాక్కుంటాడు. రాకపోతే విడిచిపెడతాడు. లాక్కున్న పక్షంలో బంతితో పక్కకు పరుగెత్తుతాడు. అక్కడ వదిలివేసిన రెండవ ప్రత్యర్థి ఎదురవుతాడు. అతడు తన మీదికి వస్తే, తనకు కొన్ని గజాల దూరంలో సమాంతరంగా పరుగెత్తే మూడవవానికి బంతిని విసురుతాడు. ఆ ప్రత్యర్థి మూడవవాణ్ణి కాపు కాస్తే తానే ముందుకు దూసుకుపోతాడు. ఇదంతా రెండు మూడు క్షణాలలో ముగిసిపోతుంది. నిర్ణయం ముందుగా చేసి ఉంచుకొన్నది కాదు, కంటితో చూసి అప్పటికప్పుడు చేసేది.

దీనికి బీజం వేసినవాడు మిస్సోరి విశ్వవిద్యాలయ శిక్షకుడు డాన్ ఫారట్. బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు కలిసి ఒక్క రక్షకుని మీదికి వెళ్లినప్పుడు ఆ రక్షకుడు ఎటూ తేల్చుకోలేకపోవడం ఆయన గమనించాడు. ఆ కిటుకును 1941లో ఫుట్‌బాల్ మైదానంలోకి తెచ్చాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన వద్ద సహాయకుడిగా పనిచేసిన బడ్ విల్కిన్సన్ ఈ విద్యను ఓక్లహోమాకు తీసుకువెళ్లాడు. ఆయన జట్టు 1953 నుంచి 1957 వరకు వరుసగా 47 ఆటలు గెలిచింది. 1968లో టెక్సస్ జట్టు సహాయ శిక్షకుడు ఎమరీ బెల్లార్డ్ వెనుక వరుసలోని ఆటగాళ్లను కోడి రొమ్ములోని కవ ఎముక ఆకారంలో నిలబెట్టాడు. అందుకే దానికి విష్‌బోన్ అని పేరు వచ్చింది. తొలి రెండు ఆటలలో ఒకటి సమమై, రెండవది ఓటమి అయినా, ఆ తరువాత టెక్సస్ వరుసగా 30 ఆటలు గెలిచింది.

ఈ వ్యూహాన్ని ఇటీవలి కాలం వరకు ప్రాణప్రదంగా కాపాడుకొన్నవి సైనిక, నావిక, వైమానిక విద్యాలయాల జట్లు. పెద్ద విశ్వవిద్యాలయాల ముందువరుస ఆటగాళ్లు 300 పౌన్లు, అంటే 136 కిలోలకు పైబడి తూగుతారు. సైనిక విద్యాలయాల విద్యార్థులు పట్టభద్రులైన పిదప సైన్యంలో అధికారులు కావలసినవారు. అంతటి భారీకాయం వారి కొలువుకు పనికిరాదు. కనుక తోసి గెలవలేనివారు తప్పించి గెలవడం నేర్చుకున్నారు. నోటర్‌డేమ్ జట్టు చేతిలో 43 ఏళ్లపాటు వరుసగా ఓడిన నావిక విద్యాలయం, పాల్ జాన్సన్ శిక్షణలో 2007లో మూడు అదనపు విడతల పోరాటం తరువాత 46–44తో గెలిచింది ఈ వ్యూహంతోనే. 2018లో సైనిక విద్యాలయం ఓక్లహోమా వంటి మేటి జట్టుతో తలపడి, 60 నిమిషాల ఆటలో 44 నిమిషాలకు పైగా బంతిని తన వద్దే ఉంచుకొంది. చివరికి అదనపు విడతలో 28–21తో ఓడినా ఆ పోరాటం ఘనమైనదే. బంతి తమవద్ద ఉన్నంతసేపు ఎదుటివారు ఎంత గొప్పవారైనా పాయింట్లు సాధించడం దుర్లభం కదా!

దీనికి విరుగుడు లేకపోలేదు. రక్షకులలో ఒకడు ఫుల్‌బ్యాక్‌ను, ఒకడు క్వార్టర్‌బ్యాక్‌ను, ఒకడు మూడవవాణ్ణి మాత్రమే చూసుకోవాలి. బంతి ఎక్కడున్నా తన మనిషిని వదలకూడదు. చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. బంతి కళ్లెదుట కదులుతుంటే దాని వెంట పడకుండా నిగ్రహించుకోవడం అందరికీ సాధ్యం కాదు. పైగా ఏడాది పొడవునా మరో తరహా ఆటకు అలవాటుపడిన జట్టు ఒక్క వారంలో ఈ క్రమశిక్షణ అలవరచుకోవాలి.

వ్యూహానికీ లోపాలున్నాయి. పక్కకు విసిరిన బంతి నేల పాలైతే ఎవరు అందుకుంటే వారిదే. క్వార్టర్‌బ్యాక్ ప్రతిసారీ దెబ్బలు తినవలసి వస్తుంది. వెనుకబడినప్పుడు త్వరగా పుంజుకోవడం కష్టం. వృత్తి జట్లు దీనిని ప్రధాన వ్యూహంగా చేసుకోకపోవడానికి ఇవి ముఖ్య కారణాలు.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న మోకాళ్లది. తేలికపాటి ఆటగాడు భారీకాయుణ్ణి ఆపడానికి నడుము కింద పడి అడ్డుకోవడం ఈ వ్యూహంలో ప్రధానాయుధం. ఆ దెబ్బకు మోకాళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. 2022లో కళాశాల ఆట నిబంధనలు మార్చి, అటువంటి అడ్డుకోతను ముందువరుస మధ్యభాగానికే పరిమితం చేశారు. పడుచువాళ్ల కాళ్లు కాపాడవలసినవే. అయితే అదే నిబంధన చిన్న జట్ల చేతిలోని కత్తికి పదును తగ్గించింది. రెండు వాదాలలోను న్యాయం ఉంది.

సైనిక విద్యాలయం 2023లో పాత పద్ధతి నుంచి పక్కకు జరిగి, ఆరు గెలుపులు, ఆరు ఓటములతో సరిపెట్టుకొంది. 2024లో మళ్లీ ఆప్షన్ బాట పట్టి, 12 ఆటలు గెలిచి, తన చరిత్రలో తొలిసారిగా కూటమి విజేతగా నిలిచింది. కండబలం తక్కువైనవాడు ఎదుటివాని కండతో పోటీపడనక్కరలేదు. అతడు తొందరపడి తీసుకొనే నిర్ణయం కోసం ఒక్క క్షణం ఓపికగా వేచి చూడగలిగితే చాలునని ఈ పాత వ్యూహం ఎనిమిది దశాబ్దాలుగా చాటుతూనే ఉంది.