బ్రిటన్‌లో బ్లూ బ్యాడ్జ్: మనిషి పేరిట ఇచ్చే పార్కింగ్ అనుమతి

నడక కష్టమైన మనిషికి కారు దిగిన చోటి నుంచి ఆసుపత్రి గుమ్మం వరకు ఉన్న కొద్ది దూరమే ప్రయాణం మొత్తంలో కఠినమైన భాగం కావచ్చుననే గుర్తింపు మీద బ్రిటన్‌లోని బ్లూ బ్యాడ్జ్ పథకం నిలిచి ఉంది. పార్లమెంటు సభ్యుడు ఆల్ఫ్ మారిస్ ప్రైవేటు బిల్లుగా ప్రవేశపెట్టగా 1970లో ఆమోదం పొందిన దీర్ఘరోగుల, దివ్యాంగుల చట్టం దీనికి ఆధారం. ఆ చట్టం కింద 1971లో ఆరెంజ్ బ్యాడ్జ్‌గా మొదలైన ఈ అనుమతి, ఐరోపా సంఘ దేశాలన్నీ ఒకే నమూనాను పాటించాలన్న సిఫారసు మేరకు 2000 నుంచి నీలిరంగులోకి మారింది.

ఈ పథకంలోని నిబంధనలన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: బ్యాడ్జ్‌ను ఇచ్చేది మనిషికి, వాహనానికి దానితో సంబంధం లేదు. అందువల్ల బ్యాడ్జ్ పొందిన వ్యక్తి సొంత కారు నడిపినా, కొడుకు కారులో వెనుక సీట్లో కూర్చున్నా, టాక్సీలో వెళ్లినా దానిని వాడుకోవచ్చు; డ్రైవింగ్ లైసెన్సు లేని వారూ, పిల్లలూ కూడా అర్హులే. బరువైన వైద్య పరికరాలను ఎల్లప్పుడూ వెంట ఉంచవలసిన మూడేళ్లలోపు పసివారికి సైతం దీనిని ఇస్తారు.

చూపు దాదాపుగా లేనివారిగా నమోదైన వారికీ, కదలికకు సంబంధించిన కొన్ని ప్రభుత్వ భృతులు పొందుతున్న వారికీ వేరే పరీక్ష అవసరం లేకుండానే అర్హత లభిస్తుంది. తక్కినవారి పరిస్థితిని కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, విడిగా పరిశీలించి నిర్ణయిస్తుంది. ఇంగ్లండ్‌లో 2019 ఆగస్టు 30 నుంచి పైకి కనిపించని వైకల్యాలను కూడా ఈ పరిధిలోకి తెచ్చారు. ఆటిజం ఉన్న పిల్లవాడు రద్దీ వీధిలో హఠాత్తుగా వాహనాల మధ్యకు పరుగెత్తే ప్రమాదం ఉన్నప్పుడు, తీవ్రమైన మానసిక ఆందోళన వల్ల కొందరికి నాలుగడుగులు వేయడమే దుర్భరమైనప్పుడు, కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని అనుమతి నిరాకరించడం అన్యాయమే అయ్యేది. ఈ సవరణ చాలా ముందే రావలసింది. చక్రాల కుర్చీ లేకుండా దిగిన మనిషిని అనుమానంగా చూసే బాటసారులు ఈ సంగతిని ప్రత్యేకించి తెలుసుకోవాలి.

ఈ అనుమతి విలువ తెలిసేది పసుపు గీతల దగ్గర. రోడ్డు అంచున గీసిన ఒంటి పసుపు గీత బోర్డుపై సూచించిన వేళల్లో వాహనం నిలపరాదనీ, జంట గీతలు ఏ వేళలోనూ నిలపరాదనీ చెబుతాయి. అయితే బ్యాడ్జ్ ఉన్నవారు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ గీతలపై మూడు గంటల వరకు కారు ఆపుకోవచ్చు. కారు ఆపగానే బ్యాడ్జ్‌ను గడువు తేదీ కనిపించే వైపు పైకి ఉండేలా డాష్‌బోర్డుపై పెట్టి, దాని పక్కనే అట్టతో చేసిన నీలి గడియారం ముల్లును వచ్చిన సమయానికి తిప్పి ఉంచాలి. బ్యాడ్జ్‌ను తిరగేసి, ఫొటో ఉన్న వైపు పైకి పెడితే జరిమానా చీటీ వచ్చే అవకాశం ఉంటుంది. కాలిబాట అంచున అడ్డంగా పసుపు గుర్తులు కూడా ఉన్నచోట సరుకు ఎక్కించడం, దించడం మీద నిషేధం ఉంటుంది గనుక, అది అమలులో ఉన్న వేళల్లో బ్యాడ్జ్ చెల్లదు. బస్సుల, సైకిళ్ల ప్రత్యేక మార్గాలకూ, పాదచారుల దాటుబాటల వద్ద ఉండే వంకర గీతలకూ మినహాయింపు లేదు. స్కాట్లండ్‌లో పసుపు గీతలపై మూడు గంటల పరిమితి ఉండదు. లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్, వెస్ట్‌మినిస్టర్, కెన్సింగ్టన్ అండ్ చెల్సీ, కామ్డెన్‌లో కొంత భాగం మాత్రం సొంత నిబంధనలను అమలు చేస్తాయి గనుక అక్కడికి వెళ్లేవారు ముందుగా ఆరా తీయడం మంచిది. సూపర్‌మార్కెట్ల ప్రాంగణాల వంటి ప్రైవేటు స్థలాలకు ఈ పథకం వర్తించదు. అక్కడ యజమానులు పెట్టిన షరతులను బోర్డులపై చదివి తెలుసుకోవలసిందే.

దుర్వినియోగం విషయంలో చట్టం కఠినంగానే ఉంటుంది, ఉండాలి కూడా. బ్యాడ్జ్ ఉన్న తల్లి ఇంట్లోనే ఉండగా ఆమె మందుల కోసం కూతురు వెళ్లి ఆ బ్యాడ్జ్‌తో కారు నిలపడం, ఉద్దేశం మంచిదే అయినా, నేరమే అవుతుంది. తల్లిని తీసుకురావడానికో దించడానికో అయితేనే అది న్యాయసమ్మతం. అక్రమ వాడకానికి 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు, బ్యాడ్జ్‌ను స్వాధీనం చేసుకోవచ్చు. ఒకరు కాజేసిన స్థలం వల్ల మరొకరు వైద్యుడిని కలవకుండానే ఇంటికి మళ్లవలసి రావచ్చు గనుక దీనిని చిన్న తప్పుగా కొట్టిపారేయడానికి వీలులేదు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెద్దవారికో పిల్లలకో ఈ అర్హత ఉన్నట్లు అనిపిస్తే నివాసమున్న కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము ఇంగ్లండ్‌లో 10 పౌండ్లకు మించదు, వేల్స్‌లో అసలు ఉండదు. సాధారణంగా మూడేళ్లు చెల్లే ఈ బ్యాడ్జ్ దానంతటదే పొడిగింపు పొందదు గనుక గడువు తీరకముందే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.