ఫోర్క్‌లిఫ్టు కింద పలకరాయి పెట్టకండి

మార్కాపురం: పలకల పట్నంలో రాయికి కొదువ లేదు. గోడకూ అదే, గచ్చుకూ అదే, చక్రం కింద అడ్డు పెట్టడానికీ అదే. చేతికందిన రాతిముక్కలు నాలుగు పేర్చి, వాటిమీద జాకీ నిలబెట్టడం ఇక్కడ కొత్త కాదు. మోటారు సైకిలుకైతే ఎలాగో గడిచిపోతుంది. మొరాయించిన ఫోర్క్‌లిఫ్టును అలా లేపబోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక షెడ్డులో ఈ విలేకరి కళ్ళారా చూసిన సంగతి ఇది. వెనుక చక్రం బేరింగు పోయి బండి నిలిచిపోయింది. బయట లారీ ఎదురుచూస్తున్నది. రెండంగుళాల మందం రాయి వేసి, దానిమీద లారీ జాకీ పెట్టారు. బండి బెత్తెడు లేచిందో లేదో, రాయి టప్పున విచ్చిపోయి జాకీ పక్కకు తన్నింది. కింద దూరవలసిన కుర్రవాడు పానా కోసం లేచి వెళ్ళాడు కనుక సరిపోయింది. కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. తరువాత ఇంకో రాయి తెచ్చారు!

పలకరాయి మంచితనమంతా దాని పొరలోనే ఉంది. ఉలి పెట్టి తడితే పొరలు పొరలుగా విడివడుతుంది కనుకే అది పలక అయింది. ఆ గుణమే బరువు కింద శత్రువవుతుంది. జాకీ అడుగు చిన్నది. భారమంతా అరచేయంత జాగా మీద పడుతుంది. కింద నేల ఏ కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా రాయి పగులుతుంది, లేదా పొర మీద పొర జారుతుంది. ముందుగా ఏ హెచ్చరికా ఉండదు. కర్రదిమ్మ అయితే నలిగేముందు కిర్రుమంటుంది, అణుగుతూ కంటికి కనబడుతుంది.

60 బస్తాల బరువు

మూడు టన్నుల బరువెత్తే డీజిల్ ఫోర్క్‌లిఫ్టు తానే సుమారు నాలుగున్నర టన్నులు తూగుతుంది. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 60. చూడటానికి చిన్న బండి కనుక జీపు కంటే తేలిక అనుకునేవారే ఎక్కువ. ముందు కొమ్ముల మీద బరువు పడినప్పుడు ముందుకు తూలకుండా, వెనుక పెద్ద పోత ఇనుప దిమ్మ బిగించి ఉంటుంది. ఖాళీ బండి బరువులో సగానికి పైగా వెనుకవైపే ఉండటానికి కారణం అదే. మరమ్మతు కోసం ముందున్న నిలువు చట్రాన్ని ఊడదీశారనుకోండి, బండి వెనక్కు ఒరుగుతుంది. వెనుక కూడా దిమ్మలు పెట్టకుండా ముందు భాగం విప్పరాదు.

పైగా దీని పొట్ట నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. మామూలు లారీ జాకీ అందులో పట్టదు. అందుకని కొందరు గడ్డపారలతో ఎగదోస్తారు, కొందరు నేలలో గుంట తవ్వి జాకీ దించుతారు. రద్దు పోసి చదును చేసిన నేల అసలే గుల్ల. వాన పడితే చెప్పనక్కరలేదు. తక్కువ ఎత్తులో పట్టే జాకీలు వేరే ఉన్నాయి. మరో ఫోర్క్‌లిఫ్టు తెచ్చి దాని కొమ్ములతో దీని వెనుక భాగం ఎత్తడమైతే రెండు బండ్లనూ పోగొట్టుకునే పని.

కదిలించేటప్పుడు

నిలిచిన చోటే బాగుచేయగలిగితే అంతకన్న మంచిది లేదు. కదపక తప్పదంటే ముందు కొమ్ముల మీది సరుకు దించాలి. ఇంజను ఆగినా, చాలా బండ్లలో కొమ్ములను మెల్లగా దించే మర ఒకటి విడిగా ఉంటుంది. అది ఎక్కడుందో డ్రైవరుకు తెలియకపోతే బండి పుస్తకం చూడాలి. ఎత్తులో ఆగిన కొమ్ముల కింద ఎవరినీ నిలబడనీయరాదు. నూనె గొట్టం ఎక్కడ కారుతున్నదో వేలితో తడిమి చూడకూడదు. సూదిబెజ్జమంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. అట్ట ముక్క అడ్డుపెట్టి చూస్తే సరి.

లాగడానికి తాడు, గొలుసు పనికిరావు. ఇంజను నడవనప్పుడు స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు కూడా సరిగా పట్టకపోవచ్చు. తాడుతో లాగితే, ముందు బండి ఆగినా వెనుకది ఆగదు. ఇనుప కడ్డీ తగిలించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, మనిషి నడకన లాగాలి. అదీ కొద్ది దూరమే. గేరుబాక్సులో నూనె తిప్పే పంపు చాలా బండ్లలో ఇంజనుతోనే నడుస్తుంది. బండిని మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఈడ్చుకుపోతే లోపలి పళ్ళు, బేరింగులు నూనె లేక మాడిపోతాయి. దూరమైతే లారీ మీద వేసుకుపోవలసిందే. క్రేను కొక్కెం డ్రైవరు తలపైనున్న ఇనుప పంజరానికి తగిలించరాదు. అది పైనుంచి పడే సరుకును ఆపడానికి పెట్టినది, బండిని మోయడానికి కాదు.

లేపేటప్పుడు

బాటరీ తీగ ఊడదీసి, కొమ్ములు నేలకు ఆనించి, ఎత్తని చక్రాలకు ముందూ వెనుకా అడ్డుకట్టెలు వేయాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. చేతి బ్రేకు పట్టేది ముందు చక్రాలనే. ముందు భాగం పైకి లేపిన క్షణం నుంచి ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. వెనుక చక్రాలకు కట్టెలు లేకపోతే బండి జాకీ మీది నుంచి దొర్లిపోతుంది.

జాకీ కింద గట్టి ఇనుప రేకు, పైన పుస్తకంలో చూపిన ఫ్రేము చోటు. అంగుళం లేపగానే దిమ్మ, ఇంకో అంగుళానికి ఇంకో దిమ్మ. కావలసిన ఎత్తు వచ్చాక జాకీని దించి, బరువంతా దిమ్మల మీద మోపి, బండిని ఒకసారి చేత్తో ఊపి చూడాలి. అప్పుడుగాని మనిషి కిందికి పోరాదు. జాకీ లేపడానికే గాని నిలపడానికి కాదు. లోపలి వాషరు ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు. గాలి టైర్లయితే, చక్రం విప్పేముందు గాలి పూర్తిగా తీసేయాలి. వీటి రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. గాలి ఉండగా రెంటినీ కలిపే బోల్టులు విప్పితే రిమ్ము బాంబులా పేలుతుంది.

ఒకవేళ ఎవరైనా కింద చిక్కితే కాళ్ళు పట్టి లాగరాదు. కంగారులో బండిని స్టార్టు చేయనూ రాదు. 108కు ఫోను చేసి, ఇటువైపు జాకీతో లేపుతూ అటువైపు దిమ్మలు తోస్తూ పోవాలి.

ఈ దిమ్మల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. బండి చక్రాలకు వాడే నల్లతుమ్మ కర్ర మన పల్లెల్లోనే దొరుకుతుంది. ఎండిన మొద్దును అడుగున్నర పొడవు, ఆరంగుళాల మందాన నలుపలకలుగా కోయించి, కింద రెండు, వాటిమీద అడ్డంగా రెండు చొప్పున పేర్చితే గూడులాగా నిలుస్తుంది. పగుళ్ళు పట్టినవి, నూనె పీల్చి జారుతున్నవి పక్కన పడేయాలి. మంచివాటికి ఎర్ర రంగు పూసి పెడితే బాగు. లేకపోతే చలికాలం తెల్లవారుజామున కాపలావాళ్ళ నెగడులోకి పోతాయి. బండి నిలిచిన రోజున మళ్ళీ రాయే దిక్కవుతుంది.