వాదానికి వచ్చారా, వితండానికి వచ్చారా?

(మన ఆదివారం ఉదయపు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

 

కిందటి వారం ఒక శ్రోత ఫోన్ చేసి, "మా బావగారితో వేగలేకపోతున్నామండీ. ఎవరు ఏమన్నా కాదంటారు. నిన్న తనే అన్నమాట ఇవాళ మనం అంటే దాన్నీ కాదంటారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. అప్పుడు నవ్వేసి పాట వేసేశాను. కానీ ఆ ప్రశ్న వారమంతా నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి ఒక పెద్దమనిషి మూలంగా, కాదు కాదు, ఆయన మీది విసుగు మూలంగా, నేనొక తప్పు చేశాను. ఇవాళ ఆ సంగతే మాట్లాడతాను.

మా ఊళ్ళో గుడి కింది హాల్లో శనివారాలు పిల్లలకి తెలుగు క్లాసు నడుపుతున్నాం. నెలకోసారి తల్లిదండ్రులతో సమావేశం. దానికి ఆ పెద్దమనిషి తప్పకుండా వస్తారు. చదువుకున్నవారు, మాటకారి. క్లాసు పదింటికి పెడదామంటే "శనివారం పదింటికి ఎవరు లేస్తారండీ?" అంటారు. పోనీ పదకొండుకి అంటే "భోజనాల వేళ అయిపోదూ?" సరే, మీరే ఒక టైము చెప్పండి అంటే, "చెప్పడానికి నేనెవర్నండీ? మీరు అన్ని కోణాల్లోంచీ ఆలోచించారా లేదా అని అడుగుతున్నానంతే!"

ఇలాంటి మనుషులు మనకి కొత్త కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళు మన సామెతల్లోకే ఎక్కేశారు. అయితే మూడు కాళ్ళాయన కనీసం ఒక మాట మీద నిలబడతాడు. ఈయనకి కుందేలే లేదు. మీ కుందేలు కాళ్ళు లెక్కపెట్టడమే పని.

మన పూర్వులు ఈ తేడాని ఎప్పుడో పట్టుకున్నారు. గౌతముడి న్యాయసూత్రాల్లో చర్చలు మూడు రకాలని చెప్పారు. నిజం తెలుసుకోవడానికి ఇద్దరు కలిసి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. మనం ఇళ్ళల్లో "వాడిది వితండవాదం" అని విసుక్కుంటామే, ఆ మాట అక్కడిదే. అంటే వితండం అంటే గట్టిగా అరవడం కాదు, మొండితనమూ కాదు. 'నువ్వేమంటావు?' అని అడిగితే జవాబు లేకపోవడం.

అంతటితో ఆగలేదు వాళ్ళు. మాటకి లేని అర్థం అంటగట్టి తప్పుపట్టడాన్ని ఛలం అన్నారు. దానికి వ్యాఖ్యాతలు చెప్పే ఉదాహరణ భలే ఉంటుంది. 'ఈ కుర్రవాడు నవకంబళం కప్పుకున్నాడు' అని ఒకాయన అన్నాడట. కొత్త కంబళి అని ఆయన ఉద్దేశం. రెండో ఆయన వెంటనే 'తొమ్మిదెక్కడివయ్యా, ఒక్కటేగా కనిపిస్తోంది!' అన్నాడట. నవ అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలున్నాయి కదా. మా సమావేశంలోనూ ఇదే జరిగింది. 'క్లాసులో పిల్లలు తెలుగులోనే మాట్లాడాలి' అని నియమం రాసుకుంటే, "అయితే హాల్లో నిప్పంటుకున్నా ఇంగ్లీషులో కేకెయ్యకూడదన్నమాట" అన్నారు మన పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఇరవై నిమిషాలు పోయాయి. నియమం వచ్చే నెలకి వాయిదా పడింది.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఒక సమావేశం చివర్లో, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఏడేళ్ళ బాబు తల్లి. "అన్నయ్యగారూ, ఆర్నెల్లయింది. మావాడు అ ఆల నుంచి బండి ఱ దాకా గుండ్రంగా రాసేస్తున్నాడు. కానీ నెల్లూరు నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే ఒక్క ముక్క మాట్లాడలేడు. ముందు మాటలు నేర్పి, రాత తర్వాత పెడితే ఎలా ఉంటుంది?" అంది.

అప్పటికి రెండు గంటలుగా పెద్దమనిషితో తలపడి ఉన్నాను. "అయ్యో, మీరు కూడా మొదలెట్టారా అమ్మా!" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి కూడా నవ్వినట్టు నవ్వి కూర్చుంది. తర్వాతి రెండు శనివారాలూ ఆ బాబు రాలేదు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పెద్దమనిషి మా టైము తినేస్తున్నాడనే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. అసలు నష్టం అది కాదు. 'కాదు' అనే మాటకి ఉన్న విలువని ఆయన కాస్త కాస్తగా ఖర్చుపెట్టేశాడు. నిజంగా కాదనవలసిన మనిషి లేచేసరికి మా దగ్గర ఓపిక మిగల్లేదు. నాన్నా పులి కథలో చివరికి నిజంగా పులి వచ్చినట్టే. కాకపోతే ఇక్కడ అరిచినవాడు ఒకరు, బలైంది మరొకరు.

కొందరు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. "నేను డెవిల్స్ అడ్వకేట్‌నండీ" అంటారు. ఆ పేరు ఎక్కడిదో చూడండి. కాథలిక్ చర్చిలో ఎవరినైనా పునీతులుగా ప్రకటించేముందు, ఆ మనిషికి వ్యతిరేకంగా ఏమేం చెప్పవచ్చో వెతికి చెప్పడానికి ఒక అధికారి ఉండేవాడు. 1587లో అయిదో సిక్స్టస్ పోప్ కాలంలో ఆ పదవి స్థిరపడింది. 1983లో రెండో జాన్ పాల్ పోప్ ఆ పద్ధతిని బాగా మార్చేశారు. గమనించండి, అది ఒకరు అప్పజెప్పిన పని. ఒక్క విషయానికే పరిమితం. ఆ అధికారి భోజనాల దగ్గర కూరలో ఉప్పు గురించి కూడా అలాగే వాదించాలని ఎవరూ చెప్పలేదు.

పోనీ, అలా నియమించిన ప్రతివాది వల్ల ఎంత లాభం? బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షార్లన్ నెమెత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి దీని మీద ప్రయోగాలు చేసి 2001లో ప్రచురించారు. నిజంగా నమ్మి కాదన్న మనిషి ఉన్నప్పుడు మిగతావాళ్ళకి కొత్త ఆలోచనలు ఎక్కువగా వచ్చాయి. పాత్ర ధరించి కాదన్న మనిషి ఉన్నప్పుడు అంతగా రాలేదు. ఎదుటివాడు నమ్మి మాట్లాడుతుంటే మనం మన మాటని మళ్ళీ తూచుకుంటాం. ఆట ఆడుతున్నాడని తెలిస్తే మనమూ మన గోడ గట్టిచేసుకుంటాం. అంతే.

నమ్మి కాదన్నవారు మనకి లేరా? గురజాడ అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. పిల్లల చదువుకి గ్రాంథికమే ఉండాలన్న పండితుల మాటని ఒక్కొక్క ఆధారం చూపించి కాదన్నారు. ఆయన 1915లో పోయారు. తాను అడిగింది గెలవడం చూడలేదు. గిడుగు రామమూర్తిగారు ఆ పని కొనసాగించారు, 1919లో 'తెలుగు' అనే పత్రికే పెట్టారు. వాళ్ళు వద్దన్నదాని పక్కన కావాలన్నది కూడా ఉంది. దానికోసం ఏళ్ళ తరబడి చాకిరీ చేశారు. ఇవాళ నేను మీతో ఈ భాషలో మాట్లాడుతున్నానంటే అది వాళ్ళ 'కాదు' పెట్టిన భిక్షే.

అందుకని ఆ ఫోన్ చేసిన శ్రోతకి నా జవాబు ఇది. మీ బావగారిని నోరు మూయించకండి. మూడు ప్రశ్నలు అడగండి. 'అయితే మీరేం చేద్దామంటారు?' 'ఏం చూపిస్తే మీరు ఒప్పుకుంటారు?' 'ఇందులో మీకు నిజంగా బాధ కలిగించేది ఏది?' వీటిలో ఒక్కదానికి జవాబొచ్చినా అది వాదమే, కూర్చుని వినండి. ఒక్కదానికీ రాకపోతే కాఫీ ఇచ్చి విషయం మార్చండి. గెలవాలని మాత్రం చూడకండి. పక్షం లేనివాణ్ణి ఓడించడం ఎవరి తరమూ కాదు.

మేమూ అదే చేశాం. ఎవరైనా కాదంటే, తమ ప్రతిపాదన ఒక కాగితం మీద రాసి తేవాలన్నాం. తెస్తే ఆ నెల మొదటి అంశం అదే. పెద్దమనిషి మూడు నెలలు ఏమీ తేలేదు. నాలుగో నెల తెచ్చారు! పిల్లలకి చిరుతిళ్ళు పంచుతున్నాం గానీ, ఎవరికి వేరుశనక్కాయలు పడవో మా దరఖాస్తులో ఎక్కడా అడగలేదట. నిజమే. పల్లీపట్టీలు పంచుతున్న మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రోజే దరఖాస్తు మార్చాం. ఆయన మొహం చూడాలి మీరు!

ఆ అమ్మాయికి మాత్రం అంతకు ముందే ఫోన్ చేసి క్షమించమన్నాను. "ఫరవాలేదు అన్నయ్యగారూ, మా అమ్మకి వినికిడి తగ్గుతోంది. అందుకే తొందరపడ్డాను" అంది. తొందరపడింది ఆమె కాదని నాకు తెలుసు. ఇప్పుడు మా క్లాసులో మొదటి సగం పలకా బలపం ఉండవు, మాటలే. కొట్టు ఆట, ఫోన్ ఆట, చుట్టాలొచ్చిన ఆట. ఆ సగం నడుపుతున్నది ఆవిడే.

న్యాయసూత్రాల్లో ఇంకో మాట కూడా ఉంది. మొలకని కాపాడడానికి ముళ్ళకంప కట్టినట్టు, నిజాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండాలు పనికొస్తాయట. చూశారా, వితండాన్ని కూడా వాళ్ళు పూర్తిగా పారెయ్యలేదు. కాకపోతే ముళ్ళకంపని మొలక చుట్టూ కట్టాలి, మొలక మీద వెయ్యకూడదు. మా ముళ్ళకంప ఇప్పుడు దాని చోట అది ఉంది. మొలకేమో నిన్న నెల్లూరికి ఫోన్ చేసి, "అమ్మమ్మా, గట్టిగా చెప్పనా?" అని అడిగిందట.

ఉంటాను. వచ్చే ఆదివారం కలుద్దాం.