మధుమేహరోగులును ఉపవాసమును
(ఆహారము తగ్గించుటకు ముందు మందు సవరించుకొనవలసిన యావశ్యకతను తెలుపు వివరణము)

మధుమేహము, వాడుకలో చక్కెర వ్యాధి యనబడునది, మన దేశమున మిక్కిలి వ్యాపించియున్నది. భారత వైద్య పరిశోధన మండలివారి యాదరణమున దేశమంతటను జరిగిన పరిశీలనయొక్క ఫలితములు 2023 సంవత్సరమున ప్రకటింపబడినవి. వానినిబట్టి 20 ఏండ్లును అంతకు మించిన వయస్సును గలవారిలో సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి ఈ వ్యాధి కలదనియు, మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని పొలిమేరలో నున్నారనియు అంచనా వేయబడెను. రోగులలో నూటికి తొంబదిమందికంటె నెక్కువవారు రెండవ తరగతి మధుమేహము కలవారే.

అన్నము తగ్గించి, ఉపవాసములుండినయెడల ఈ వ్యాధి కుదురునా, మందులు మానవచ్చునా యని ప్రజలు తరచుగా నడుగుచున్నారు. మొదటి ప్రశ్నకు, కొందరియందు చాలవరకు కుదురుననియే యుత్తరము. రెండవదానికి, వైద్యుడు చెప్పినప్పుడు, చెప్పినంతమట్టుకేయని యుత్తరము. ఈ రెండు ఉత్తరములను కలిపి చదువుకొనవలయును. ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుకొనువారికి మేలు కలుగుటకు మారుగా కీడు కలుగుచున్నది.

ఈ వ్యాసకర్త వైద్యుడు గాడు. వైద్యుల వ్రాతలను తెలుగు చేయుట మాత్రమే అతని పని. ఐనను తన బంధువర్గములోనే జరిగిన యొక సంగతిని ఇచట తెలుపుట యుక్తమని తోచుచున్నది. ఒక వృద్ధురాలు ఏకాదశినాడు నిరాహారముగ నుండి, ప్రతిదినమువలెనే ఉదయమున మధుమేహపు మాత్రను నీళ్లతో మ్రింగెను. మందు ఆహారము గాదు గనుక వ్రతభంగము లేదని ఆమె తలంపు. సాయంకాలమునకు ఒడలు చెమర్చి, మాట తడబడి, మగతగా పడియుండెను. ఉపవాసపు బడలికయని యింటివారు పడుకొననిచ్చిరి. పొరుగింటివారు అనుమానపడి నెత్తురు పరీక్షింపజేసినందున చక్కెర మిక్కిలి పడిపోయినదని తెలిసెను. ఆమె బ్రతికినది. ఆ యింట అజ్ఞానము లేదు, అశ్రద్ధయు లేదు. అన్నము తగ్గినపుడు మందుకూడ తగ్గవలయునను ఒక్క సంగతి మాత్రము వారికి ఎవ్వరును చెప్పియుండలేదు.

1. వ్యాధి స్వరూపము

మనము తిను అన్నము, రొట్టె, దుంపలు మొదలగు పిండిపదార్థములు కడుపులో జీర్ణమై చక్కెరగా మారి నెత్తురులో చేరును. క్లోమమునుండి పుట్టు ఇన్సులిన్ అను రసము ఆ చక్కెరను కండరములలోనికిని కాలేయములోనికిని చేర్చును. మొదటి తరగతి మధుమేహమునందు ఇన్సులిన్ పుట్టుటయే దాదాపుగా నిలిచిపోవును. రెండవ తరగతియందు ఇన్సులిన్ పుట్టుచునేయుండును గాని శరీరము దాని మాట వినదు. కాలక్రమమున అది పుట్టుటయు తగ్గును. కాలేయమునందును క్లోమమునందును క్రొవ్వు పేరుకొనుట ఇందులకు ముఖ్యకారణములలో నొకటియని బ్రిటనునందలి న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు చూపిరి. ఆ క్రొవ్వు కరగినయెడల, వ్యాధి క్రొత్తదైనయెడల, క్లోమము మరల తన పనికి పూనుకొనుట కలదు.

2. పూర్వులెరిగినది

ఆహారమునకును ఈ వ్యాధికిని గల సంబంధము క్రొత్తగా కనుగొనబడినది గాదు. ప్రమేహరోగులలో స్థూలుడనియు కృశుడనియు ఇరుతెగలవారు గలరనియు, ఇరువురికిని చికిత్స యొకటి గాదనియు చరకసంహిత చెప్పుచున్నది. 1797లో జాన్ రోలో అను సైనిక వైద్యుడు పిండిపదార్థములను తగ్గించి మాంసాహారము నిచ్చి రోగి మూత్రమున చక్కెర తగ్గుటను వర్ణించెను. 1870-71లో పారిసు నగరము ముట్టడింపబడి ఆహారము కరవైనపుడు రోగుల మూత్రమున చక్కెర మాయమగుటను బుషార్డా అను ఫ్రెంచి వైద్యుడు గమనించెను. ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున అమెరికాలో అలెను అను వైద్యుడు దీర్ఘోపవాస చికిత్సను నడపెను. కాని మొదటి తరగతి వ్యాధిగల బాలురు దానివలన ఎముకల గూళ్లైరి. కొంతకాలము బ్రతికిరేగాని కోలుకొనలేదు. 1922లో ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చిన పిదపనే అట్టివారికి ప్రాణరక్షణ కలిగినది. స్థూలునకు హితమైనది కృశునకు హానియగునను మాట ఆ విధముగ మరల ఋజువైనది.

3. ఇటీవలి పరిశోధనలు

స్కాట్లండులోను ఇంగ్లండులోని టైన్‌సైడులోను 306 మంది రోగులపై జరిగిన పరిశోధన 2017లో ప్రకటింపబడెను. వీరు వ్యాధి తెలిసి ఆరేండ్లు మించనివారు, ఇన్సులిన్ వాడనివారు. సగముమందికి మూడు మొదలు ఐదు నెలలపాటు దినమునకు సుమారు 850 కెలోరీల ఆహారము మాత్రమే యిచ్చి, మధుమేహపు మందులను మొదటిదినముననే వైద్యులు నిలిపివేసిరి. సంవత్సరాంతమున వీరిలో నూటికి 46 మందికి వ్యాధి ఉపశమించెను. మామూలు చికిత్స పొందినవారిలో నూటికి నలుగురికే. 15 కిలోలును అంతకంటె నెక్కువయు బరువు తగ్గినవారిలో నూటికి 86 మందికి ఉపశమనము కలిగెను. రెండేండ్లకు 46 అను సంఖ్య 36కు దిగెను. తగ్గిన బరువు తిరిగి వచ్చినవారికి వ్యాధియు తిరిగి వచ్చుచుండెను.

ఇచట ఉపశమనమను మాటకు అర్థము తెలియవలయును. మధుమేహపు మందు మానిన పిదప కనీసము మూడు నెలలు గడచినను, గత మాసముల సగటు చక్కెరను తెలుపు ఏ1సీ పరీక్షలో ఫలితము నూటికి 6.5కు లోబడియుండుటయే ఉపశమనమని 2021లో అంతర్జాతీయ వైద్యసంఘములు నిర్ణయించెను. ఇది శాశ్వతముగ కుదురుట గాదు. వ్యాధి నిద్రించుట వంటిది. కావున కన్ను, మూత్రపిండములు, పాదములు వీని పరీక్ష ఏటేట జరుపుకొనుచుండవలయును.

పిండిపదార్థములు తగ్గించుటనుగూర్చిన పెక్కు పరిశోధనలను క్రోడీకరించిన యొక సమీక్ష 2021లో వెలువడెను. ఆరు నెలలలో ఈ పద్ధతివలన ఎక్కువ మేలు కానవచ్చెను. సంవత్సరమునకు ఆ భేదము తగ్గిపోయెను. వారమునకు రెండు దినములు మాత్రము 500 మొదలు 600 కెలోరీలు తినుట, ప్రతిదినమును కొంచెము తగ్గించి తినుట, ఈ రెండింటిని పోల్చిన ఆస్ట్రేలియా పరిశోధన 2018లో వచ్చెను. రెండును ఇంచుమించు సమానములే యని తేలినది. దీనివలన తేలుసారము: ఉపవాసమునందు ప్రత్యేకమైన మహిమ లేదు, మొత్తముమీద ఆహారము తగ్గి బరువు తగ్గుటయే గుణకారి. తనకు నిలుకడగ సాగు పద్ధతియే తనకు మంచిది.

4. ఉపవాసమను మాటకు గల అర్థభేదములు

ఆంగ్లమున ఫాస్టింగ్ అను ఒక్క మాటయే పలుచోట్ల వాడబడుచున్నది. నెత్తురు పరీక్ష కాగితముమీద దానికి పరగడుపు అని యర్థము; రాత్రి భోజనమైన పిదప కనీసము ఎనిమిది గంటలు నీరు తప్ప మరేమియు తీసికొనకుండుట. వైద్యుడు చికిత్సగా చెప్పునపుడు దానికి కెలోరీలను మిక్కిలి తగ్గించుట యని యర్థము. రంజానునందు ఉషఃకాలము మొదలు సూర్యాస్తమయమువరకు నీరుకూడ ముట్టకుండుట. మన యిండ్లలో ఉపవాసమనగా తరచుగా అన్నము మాని ఫలాహారము చేయుట. ఈ నాలుగింటికిని తెలుగున ఉపవాసమనియే వ్రాసినచో చదువరి తన యింటి యర్థమునే గ్రహించును.

ఫలాహారమును పరిశీలింపుడు. నూరు గ్రాముల బియ్యమున సుమారు 78 గ్రాముల పిండిపదార్థముండగా, నూరు గ్రాముల సగ్గుబియ్యమున సుమారు 87 గ్రాములు కలదు. మధ్యరకపు అరటిపండు ఒకటికి సుమారు 25 గ్రాములు. సగ్గుబియ్యపు పాయసము, ఉప్పుడుపిండి, రెండు అరటిపండ్లు తీసికొన్నవాడు అన్నము మానెనేగాని చక్కెరను మానలేదు. ఇది వ్రతమున తప్పు గాదు; చికిత్సగా మాత్రము లెక్కకు రాదు. పగలంతయు నిరాహారముగ నుండి రాత్రి ఒక్కమారుగ కడుపునిండ తినువానికి పగలు చక్కెర పడుటయు, రాత్రి మితిమీరి పెరుగుటయు రెండును సంభవించును.

5. పిండిపదార్థములను తగ్గించు విధము

దినమునకు 130 గ్రాములకు లోబడి పిండిపదార్థము తినుటను తక్కువ పిండి యాహారమని సాధారణముగ చెప్పుదురు. పావుకిలో బియ్యముననే సుమారు 195 గ్రాములుండుటచేత మూడు పూటల అన్నము తినువారికి ఇది యొక్కసారిగ సాధ్యము గాదు, అవసరమును గాదు. మనవారు తిను మొత్తము కెలోరీలలో నూటికి సుమారు 62 వంతులు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నవని 2025లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన తెలిపినది. దీనిని క్రమముగ ఏబదికి తెచ్చి, తగ్గినదానికి మారుగ పప్పులు, గ్రుడ్లు, చేపలు, పెరుగు, వేరుసెనగలు వీనిని చేర్చుకొనుట చాలమందికి సాగదగిన మార్గము.

విస్తరిలో సగము కూరగాయలును ఆకుకూరలును, కాలుభాగము పప్పు, గ్రుడ్డు, చేప వంటివియు, తక్కిన కాలుభాగము మాత్రము అన్నమో రొట్టెయో యుండవలయును. కూరను మొదట తిని, అన్నమును తుదకు తినుట మేలు. బియ్యము మాని జొన్నలు, రాగులు, కొర్రలు, గోధుమలు తిన్నంతనే చక్కెర తగ్గునని కొందరు నమ్ముచున్నారు. వీనియందును నూరు గ్రాములకు 60 మొదలు 72 గ్రాములవరకు పిండిపదార్థము కలదు. పీచు అధికమగుటచేత చక్కెర మెల్లగ పెరుగుట నిజమే. కాని రెండు ముద్దల సంకటి స్థానమున నాలుగు ముద్దలు తిన్నచో ఆ లాభము పోవును. ధాన్యమును మార్చుటకంటె కొలతను తగ్గించుట ముఖ్యము.

6. మందులను గూర్చి

ఇన్సులిన్ వాడువారును, గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అను మాత్రలను వాడువారును ఆహారము తగ్గించినంతనే చక్కెర పడిపోవు అపాయములో నుందురు. ఈ మందులు ఆహారము వచ్చినను రాకున్నను తమ పనిని చేయుచునేయుండును. మెట్‌ఫార్మిన్ ఒక్కటియే వాడువారికి ఈ భయము స్వల్పము. అయితే ఒకే మాత్రలో మెట్‌ఫార్మినును గ్లిమెపిరైడును కలిసియుండుట మన దేశమున సామాన్యము. కావున మాత్రల అట్టమీద వ్రాసిన పేర్లన్నిటిని వైద్యునకు చూపవలయును.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మందులు చక్కెరను మూత్రమువెంట పంపివేయును. వీనిని వాడుచు నిరాహారముగ నుండువారికి నెత్తురులో ఆమ్లము పెరిగి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి సమయమున చక్కెర అంకె మిక్కిలి ఎక్కువగ నుండకపోవచ్చును గనుక అంకెనుచూచి మోసపోరాదు. వాంతులు, కడుపునొప్పి, వేగమైన ఊపిరి కనబడినచో తక్షణము ఆసుపత్రికి పోవలయును. రక్తపోటు మందులనుకూడ బరువు తగ్గుకొలది సవరింపవలసియుండును. ఇక వైద్యుని యడుగక మందులన్నిటిని తామే మానివేయువారికి చక్కెర పెరిగి అదియును ఆపదయగును. ఇన్సులిన్ వాడువారు దానిని తమంతట ఎన్నడును మానరాదు.

7. ఉపవాసము తగనివారు

మొదటి తరగతి మధుమేహము గలవారు, గర్భవతులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, మూత్రపిండముల జబ్బుగలవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, బక్కచిక్కిన వృద్ధులు, తరచుగా చక్కెర పడిపోవువారు చికిత్సగా ఉపవాసమునకు పూనుకొనరాదు. కంటి నరములు చెడినవారు చక్కెరను వేగముగ తగ్గించుకొనుటకు ముందు కన్ను పరీక్షింపించుకొనవలయును. రంజాను ఉపవాసముండదలచిన రోగులు ఆరు మొదలు ఎనిమిది వారములు ముందుగనే వైద్యునితో మాటలాడవలయును. రోగులకు మినహాయింపు ఇస్లామునందును కలదు. మన వ్రతములయందును కలదు.

8. ఆపద సమయమున చేయదగినది

చెమట, వణకు, గుండెదడ, హఠాత్తుగ ఆకలి, మాట తడబాటు, మగత, అకారణమైన కోపము, ఇవి చక్కెర పడుటకు చిహ్నములు. నెత్తురులో చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకు తగ్గినను, 300కు మించినను ఉపవాసమును అప్పుడే విరమింపవలయును. తగ్గినయెడల మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజునో నీళ్లలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల పరీక్షించి, ఇంకను తక్కువగ నున్నచో మరల ఈయవలయును. పిదప కొంచెము ఆహారము పెట్టవలయును. మాత్రల బలము గంటలకొలది నిలుచును గావున చక్కెర రెండవమారు పడుట కలదు. ఆ రాత్రి రోగిని ఒంటరిగ విడువరాదు. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. పరీక్షా యంత్రము లేనిచో, అనుమానము కలిగినపుడు చక్కెర నీళ్లిచ్చుటయే మేలు.

9. సంగ్రహము

(1) మొదట వైద్యుని దర్శనము. పిదప మందుల సవరణ. ఆ పిదపనే ఆహారపు తగ్గింపు. ఈ క్రమమును తారుమారు చేయరాదు.
(2) ఉపవాసదినమున మామూలుకంటె హెచ్చుమార్లు చక్కెరను పరీక్షించుకొనవలయును. వ్రేలినుండి నెత్తురుబొట్టు తీయుటచేత ఉపవాసము చెడదు.
(3) నీరు త్రాగుట మానరాదు. మతనియమముచేత మానువారు వైద్యునకు ఆ సంగతి ముందుగ తెలుపవలయును.
(4) ఉపవాసముండు రోగి యింట ఒకరైనను పై చిహ్నముల నెరిగినవారుండవలయును. మధుమేహపు మందు వేసికొన్నవాడు ఉపవాసదినమున మగతగ పడుకొన్నచో బడలికయని విడువక, మొదట లేపి మాటలాడించి, నెత్తురు పరీక్షింపవలయును.